బుద్ధివారింటి గుమ్మడిపాదు

ఏటి ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లెలో ఒక కుటుంబం ఇంటిపేరు బుద్ధివారు. "అందరూ బడికెళ్ళి తెలివి తెచ్చుకోవాలి. మాకు ఇంటిపేరుతోనే వచ్చేసింది" అనేవాడు పెద్దోడు గవరయ్య. "అవును మావా" అనేది పెళ్ళాం పైడమ్మ. తమ్ముడు బంగారయ్యకి అన్నకంటే తెలివెక్కువ. అందుకని అన్న ఒకసారి అన్న మాట తను రెండుసార్లు అనేవాడు.

వాళ్ళమ్మ పోతూ పోతూ గుప్పెడు గుమ్మడి గింజలు చేతిలో పెట్టింది. "ఇంత తియ్యటి గుమ్మడి ఇంకెక్కడా లేదురా. ఈ విత్తనం పోనీకండి" అంది. ఎలకలు తినగా ఒక్క గింజ మిగిలింది. అది పెడితే పాదు పెరడంతా పాకింది. తెల్లారేసరికి పసుపు చీరలు కట్టిన పెళ్ళికూతుళ్ళలా ఎన్ని పువ్వులో! మంచు ఆరకముందు చూశారంటే ఇక ఆ రోజు ఏ పనీ చేయబుద్ధి కాదు. కానీ కాయ లేదు. పువ్వు కింది పిందెలు గోలీకాయంతయ్యి రాలిపోతున్నాయి.

గవరయ్య ఏడుస్తూ పక్కింటి నూకాలత్త దగ్గరికెళ్ళాడు.

"పూత నిలబడట్లేదురా. పూత నిలబడితేనే కాయ" అంది నూకాలత్త.

ఇంకేముంది! ముగ్గురూ పువ్వు పువ్వుకీ ఒక పుల్ల పాతి, నారతో నిటారుగా కట్టేశారు. "నిలబడండే, నిలబడండే" అని బంగారయ్య రెండుసార్లు చెప్పాడు. మధ్యాహ్నానికి అన్నీ తలలు వాల్చేశాయి.

"నిలబడి నిలబడి కాళ్ళు పీకినట్టున్నాయి మావా. పీటలేద్దామా?" అంది పైడమ్మ.

నూకాలత్త వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "ఓరి మీ బుద్ధి తగలెయ్య! ఇటు చూడండి. సన్నకాడ మీదున్నది మగపువ్వు. కింద బుల్లి పిందె ఉన్నది ఆడపువ్వు. దీని పుప్పొడి దానిమీద పడితేనే పిందె నిలుస్తుంది. పొద్దున్నే రెండిటికీ పెళ్ళి చెయ్యండి."

పెళ్ళంటే మాటలా? పంతులుగారు పదకొండున్నరకి ముహూర్తం పెట్టారు, పెళ్ళి ఎవరికో అడక్కుండా. అప్పటికి ఎండెక్కి పువ్వులన్నీ ముడుచుకుపోయాయి.

"సిగ్గు మావా" అంది పైడమ్మ మురిసిపోతూ.

బంగారయ్య బూర ఊదాడు. గవరయ్య ప్రతి ఆడపువ్వు మెడలో పసుపుతాడేసి, గట్టిగా మూడేసి ముళ్ళు బిగించాడు. అంతే. టపటపా పిందెలన్నీ రాలిపడ్డాయి.

"పెళ్ళయ్యింది కదా, అత్తారింటికి వెళ్తున్నాయిరా" అని కళ్ళు తుడుచుకున్నాడు గవరయ్య.

పాదు మీద ఇంక ఒకే ఒక్క ఆడమొగ్గ మిగిలింది. అదీ పోతే అమ్మ విత్తనం పోయినట్టే. నూకాలత్త చేతులెత్తి దణ్ణం పెట్టింది. "మీరింక ఏమీ చెయ్యకండి నాయనా! తేనెటీగలొస్తే ఆ పెళ్ళి అవే చేస్తాయి."

"మరి రావేం అత్తా?"

"ఏమో, బొట్టుపెట్టి పిలవలేదని కాబోలు!"

అంతే. మర్నాడు మొగ్గ విచ్చుకునే వేళకి పైడమ్మ కుంకంభరిణె పట్టుకుని మావిడిచెట్టెక్కింది. "అమ్మల్లారా, మా ఇంట్లో పెళ్ళి. ఒక్కరూ మానకూడదు" అంటూ తేనెపట్టుకి ఇంత బొట్టు పెట్టింది. ఇంకేముంది! ఒక్కరూ మానలేదు. ముగ్గురూ కేకలేస్తూ పాదు కిందకి దూరారు. కుట్టినంత కుట్టి, అలిసిపోయి, ఈగలు మగపువ్వుల్లోకి దిగాయి. ఒళ్ళంతా బంగారంలాంటి పుప్పొడి పూసుకుని, ఝుమ్మంటూ ఆ ఒక్క ఆడపువ్వులోకి వెళ్ళాయి. అబ్బ, ఎంత ముచ్చటైన పెళ్ళో!

ఆ పాదుకి ముందు కాసిన గుమ్మడికాయలు మూడు. కుట్లకి ఉబ్బిన ముగ్గురి మొహాలూ. నాలుగోది నిజంగానే కాసి, పండి, ఎర్రబడింది.

కోస్తే లోపల నిండా గింజలు. "ఎండలో పెట్టకండిరా. నీడన ఆరబెట్టండి" అంది నూకాలత్త.

"పెద్దోడి నీడకంటే మంచి నీడేముంది?" అని గవరయ్య నడిపెరట్లో నిలబడ్డాడు. ఆ నీడలో చేట పెట్టారు. పొద్దు తిరిగేకొద్దీ పైడమ్మ చేట జరుపుతూనే ఉంది. ఇంతలో మబ్బు పట్టింది.

"మావా, నీ నీడ పోయింది!"

"ఎవడో ఎత్తుకుపోయాడు! ఎవడో ఎత్తుకుపోయాడు!" అన్నాడు బంగారయ్య.

ముగ్గురూ నీడని వెతుక్కుంటూ వీధిన పడ్డారు. ధడధడా వాన. తిరిగొచ్చేసరికి చేట బోర్లాపడి ఉంది, ఒక్క గింజ కనపడదు. ఎవరూ అన్నం ముట్టలేదు. వారం రోజులు ఏడుపే ఏడుపు.

వారానికి పైడమ్మ కెవ్వుమంది. పెరడంతా లేత పచ్చటి మొక్కలు! ఒక్కోదాని నెత్తిమీద టోపీలాగా ఒక్కో గుమ్మడిగింజ!

"దొరికారు దొంగలు!" అని గర్జించాడు గవరయ్య. "పైగా నెత్తిన పెట్టుకుని ఊరేగుతున్నారు చూడు!"

అంతే. ముగ్గురూ కలబడి ఒక్క మొక్కనీ వదలకుండా పీకి, గింజలు ఊడదీసుకుని, మొక్కల్ని గేదె ముందు పడేశారు. గింజలు మూటకట్టి అటక మీద పెట్టబోతూ పైడమ్మ ఆగింది.

"ఇంత తేలిగ్గా ఉన్నాయేం మావా? లోపల డొల్లగా ఉన్నాయి!"

గవరయ్య మూట చేతిలోకి తీసుకుని జాలిగా నిమిరాడు. "వారం రోజులు దొంగల చేతిలో పడ్డాయి. తిండెవడు పెట్టాడు పాపం! రోజూ ఇంత పెరుగన్నం పెట్టు, తేరుకుంటాయి."