గుబురయ్య తాగిన తేలిక నీళ్ళు

ఏటిమద్ది అడవిలో ఎలుగుబంట్లు, అడవిపందులు, నక్కలు, కుందేళ్ళు, తాబేళ్ళు ఉండేవి. అడవి మధ్య నుంచి ఒక వాగు పారేది. మండు వేసవిలో కూడా దాని వడి తగ్గేది కాదు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వెళ్ళాలంటే, ఎప్పుడో కూలి వాగుకు అడ్డంగా పడిన మద్దిమాను ఒక్కటే దారి.

ఈవలి గట్టున గుబురయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. ఒంటి నిండా జూలు, దానికి తగ్గ బొజ్జ. ఆవలి గట్టున, కొండ కింద గుహలో అతని అక్క నల్లమ్మ ఉండేది. తల్లి పోయాక గుబురయ్యను వీపున ఎక్కించుకుని పెంచింది ఆమే. ఇప్పుడామెకు కళ్ళు కనిపించవు. తొలకరి పడగానే ఆ గుహలోకి నీళ్ళు వస్తాయి. ఏటా గుబురయ్యే మాను దాటి వెళ్ళి, అక్కను మెల్లగా కొండ మీదికి నడిపించేవాడు.

ఆ ఏడు వేసవిలో పెనుగాలి వీచి మద్దిమాను నడిమికి చీలింది. డిప్పతాత అనే ముసలి తాబేలు దాని కిందికి ఈది చూసి వచ్చాడు.

"ఒరే గుబురూ, ఈ మాను ఇక నిన్ను మోయలేదు. తొలకరికి ఇంకా వ్యవధి ఉంది. ఒళ్ళు తగ్గించుకో. అదిగో, ఆ రెండు బండల సందు చూశావా? అందులోంచి ఒరుసుకోకుండా దూరిన రోజున మాను ఎక్కు. అంతదాకా ఎక్కకు" అన్నాడు.

గుబురయ్య గట్టు మీద నిలబడి కేక వేశాడు. "అక్కా, నేను తేనె మానేస్తున్నా! తొలకరికి నీ దగ్గరుంటా!"

"నువ్వు నోరు కట్టుకోగలవట్రా?" అని నల్లమ్మ అవతలి నుంచి నవ్వింది. "సరే, నీ కోసం కనిపెట్టుకుని ఉంటాను."

గుబురయ్య అన్నట్టే చేశాడు. తేనెపట్టుల వైపు పోవడం మానేశాడు. పొద్దున్నే లేచి వాగు గట్టు వెంట నడిచాడు. ముట్టెమ్మ అనే అడవిపంది కూడా అతనితో నడిచేది. ఆవలి గట్టున మంచి దుంపలు దొరుకుతాయి, పిల్లల్ని అక్కడ పెంచుకోవాలని ఆమె ఆశ. ఆమెదీ భారీకాయమే.

కొన్నాళ్ళకు గుబురయ్య బొజ్జ కాస్త లోపలికి పోయింది. కాని నాలుక ఊరుకుంటుందా? గాలిలో తేనె వాసన తగిలితే చాలు, పాపం, అతని కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

ఒకరోజు జిగిలి అనే నక్క సొరకాయ బుర్ర మోసుకుంటూ ఎదురైంది.

"ఏం బావా, తీపికి ముఖం వాచిపోయినట్టున్నావే! ఇది తాగి చూడు. తీపాకు నానబెట్టిన నీళ్ళు. తీపి ఉంటుంది, తేనె ఉండదు. ఎంత తాగినా ఈకంత బరువు కూడా పెరగవు. బదులుగా నాకు రోజూ ఒక చెదపుట్ట తవ్విపెట్టు, చాలు" అంది.

గుబురయ్య ఒక గుక్క తాగాడు. అబ్బ, నిజంగానే తీపి! ఆ పూటే బుర్ర ఖాళీ చేశాడు.

నక్క మాటలో అబద్ధం లేదు. ఆ నీళ్ళు నిజంగానే తేలికైనవి. ముట్టెమ్మ కూడా తేనె మీదికి మనసు పోయినప్పుడు ఒకటి రెండుసార్లు తాగి, మళ్ళీ వాగు నీళ్ళకే వచ్చేసింది. తప్పంతా గుబురయ్య ఆలోచనలో ఉంది.

మర్నాడు ఇప్పచెట్ల కింద పూలు రాలి ఉన్నాయి. 'తేనె బదులు తేలిక నీళ్ళే కదా తాగాను. నాలుగు పూలు తింటే ఏం పోయింది?' అనుకున్నాడు. ఆ నాలుగు పూలు నాలుగు దోసిళ్ళయ్యాయి. తర్వాత మేడిపండ్లు వచ్చాయి, ఆ తర్వాత పనసపండ్లు వచ్చాయి. ప్రతి పండుకూ ముందు మందు వేసుకున్నంత నమ్మకంగా ఒక గుక్క తాగేవాడు. పొద్దస్తమానం నోట్లో తీపి ఆడుతుంటే మామూలు తిండి చప్పగా తోచింది. తేలిక నీళ్ళు తాగేవాడికి నడకెందుకని నడక కూడా మానేశాడు.

"నేను తేనె ముట్టి ఎన్నాళ్ళయిందో!" అని కనిపించిన వాళ్ళందరికీ చెప్పేవాడు. కుందేళ్ళు ఆహా అనేవి. తాగింది అడవంతా చాటేవాడు. తిన్నది మాత్రం తనకు తాను కూడా చెప్పుకునేవాడు కాదు.

ముట్టెమ్మ ఉండబట్టలేక అనేసింది. "మామా, నీళ్ళు తేలికే. వాటి వంకతో తింటున్న పనసపండు తేలిక కాదు కదా! ఒక్కసారి బండల సందులో దూరి చూసుకో."

"తేలిక నీళ్ళు తాగేవాడికి పరీక్షలెందుకు? కావాలంటే నువ్వు దూరి చూసుకో" అని గుబురయ్య కసిరాడు.

ముట్టెమ్మ వెళ్ళి దూరింది. మొదటిసారి ఇరుక్కుంది. సిగ్గుపడలేదు. మళ్ళీ నడిచింది, మళ్ళీ దూరింది. చివరికి ఒకనాడు ఒరుసుకోకుండా బయటికొచ్చింది. ఆ పూటే పిల్లల్ని వెంటబెట్టుకుని మాను దాటేసింది.

ఇంతలో తొలకరి దిగింది. మబ్బులు విరుచుకుపడ్డాయి. అవతలి గట్టు నుంచి నల్లమ్మ కేక వినిపించింది.

"తమ్ముడూ! గుహలోకి నీళ్ళొస్తున్నాయిరా! ఎక్కడున్నావు?"

"వస్తున్నానక్కా!" గుబురయ్య పరుగు తీశాడు. దారిలో బండల సందు కనబడింది. తల పెట్టాడు, భుజాలు పట్టాయి. బొజ్జ పట్టలేదు.

"వద్దురా, మాను ఎక్కకు!" డిప్పతాత అరిచాడు. కాని అక్క పిలుస్తుంటే ఎలా ఆగుతాడు? గుబురయ్య మాను ఎక్కాడు. చీలిక దాకా వెళ్ళాడో లేదో, మాను ఫెళ్ళున విరిగింది. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టయింది అతని పని. ఏదో వేరు చేతికి చిక్కి ఈవలి గట్టుకే వచ్చి పడ్డాడు. మాను వరదలో కొట్టుకుపోయింది.

"తమ్ముడూ! తమ్ముడూ!" అని నల్లమ్మ పిలుస్తూనే ఉంది. తర్వాత ఇంకో గొంతు వినబడింది. "అమ్మా, నేను ముట్టెమ్మను. నా వీపు పట్టుకో. కొండెక్కుదాం." పిలుపు మెల్లమెల్లగా దూరమైంది.

గుబురయ్య వానలో కూలబడి ఏడ్చాడు. అక్క బతికింది, అదొక్కటే ఊరట. ఆమెను నడిపించింది తాను కాదు.

ఆ తర్వాత నక్క మీద విరుచుకుపడ్డాడు. "నీ నీళ్ళే నన్ను ముంచాయి!"

"నీళ్ళు తాగమన్నాను బావా. పనసపండు తినమన్నానా?" అంది జిగిలి.

వానాకాలమంతా గుబురయ్య నడిచాడు. ఆకలికి తిన్నాడు, దాహానికి వాగు నీళ్ళు తాగాడు. చలికాలానికి బండల సందులోంచి హాయిగా దూరాడు. అప్పుడే ఏనుగుల మంద ఒక చెట్టును వాగు మీదికి పడదోసింది. గుబురయ్య ఒక్క ఉరుకులో ఆవలికి దాటాడు.

ముట్టెమ్మ పిల్లలు దుంపలు తవ్వుకుంటూ నిగనిగలాడుతున్నాయి. అతన్ని చూసి ముట్టెమ్మ తల దించుకుంది.

"వానలు వెనకపట్టాక మీ అక్క పోయింది మామా. నిద్రలోనే."

ఆమె అతన్ని కొండ మీది రాతిచాటుకు తీసుకెళ్ళింది. అక్కడ ఆకుల కింద ఒక తేనెపట్టు దాచి ఉంది.

"మీ అక్క నీ కోసమే దాచింది. ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు. 'నా తమ్ముడు నా కోసం నోరు కట్టుకుంటున్నాడు, వచ్చిన రోజైనా వాడు తీపి తినాలి' అనేది."

గుబురయ్య ఆ పట్టును చేతిలోకి తీసుకున్నాడు. ఎంతసేపటికీ నోటి దాకా తీసుకుపోలేకపోయాడు. చివరికి దాన్ని పందిపిల్లలకు పంచిపెట్టి, కొండ దిగి, అక్క గుహ ముందు కూర్చున్నాడు.

"అక్కా, వచ్చాను" అన్నాడు.

నీతి: తేలికైనది తాగామన్న ధీమాతో బరువైనది తింటే ఒళ్ళు తగ్గదు. మనకు మనం చెప్పుకునే సాకు, మన కోసం ఎదురుచూసే వాళ్ళకు మనల్ని దూరం చేస్తుంది.