గొడుగు కింద ఖాళీ గడి

ఆ ఉదయం రుమికి ఒళ్ళు మండిపోయింది. రైలు దిగిన దగ్గర్నుంచి పరుగులాంటి నడకతో వచ్చి, గురువుగారి గది తలుపు బర్రున లాగింది.

"గురువుగారూ, మన కథని పాడు చేసేశారు!"

ఇసోబె గారు కుంచె కడుగుతున్నారు. డెబ్బై దాటినావిడ. జపాన్‌లో ఆ సముద్రపు ఒడ్డు ఊళ్ళో కూర్చుని నలభై ఏళ్ళుగా మాంగాలు, అంటే బొమ్మల కథల పుస్తకాలు, గీస్తున్నారు. ఆవిడ దగ్గర రుమి ఎనిమిదేళ్ళుగా పెన్సిలు గీతల మీద సిరా దిద్దే పని నేర్చుకుంటోంది.

గురువుగారు గీసిన ప్రేమకథ ఒకదాన్ని ఇప్పుడు టీవీ కోసం అనిమేగా, కదిలే బొమ్మలుగా తీస్తున్నారు. చివరి ఘట్టం గీయమని రుమినే అడిగారు. తన పేరుతో రాబోయే మొదటి పని. ఎగిరి గంతేసింది. తీరా వాళ్ళు రాసిన సన్నివేశం చదివాక, "నేను చెయ్యను" అని ఉత్తరం రాసి చేత్తో పట్టుకొచ్చింది. ఇంకో గంటలో ఆ అనిమే కంపెనీ మనిషి జవాబు కోసం ఇక్కడికే వస్తున్నాడు.

"పుస్తకంలో ఏముంది? బస్టాపు దగ్గర వాన. సాయో గొడుగు పట్టుకుని తెత్సు పక్కన నిలబడుతుంది. తర్వాతి బొమ్మ గడి ఖాళీ. ఆ తర్వాతి గడిలో వీధి చివర గొడుగొక్కటే. అంతే! వీళ్ళేమో అతని చేత ఆ పిల్ల చెయ్యి పట్టించారు. పైగా 'నువ్వు లేకపోతే నేను లేను' అనిపించారు. ఛీ!"

"ఖాళీ గడా? అందులో ఏం జరిగిందబ్బా?" అన్నారు ఇసోబె గారు. "నాకు గుర్తు రావడం లేదు."

"మీకు గుర్తు లేదా! నాకు కళ్ళు మూసుకున్నా కనిపిస్తుందే!"

"అయితే గీసి చూపించు."

పుస్తకం తెరిచి, ఆ ఖాళీ గడి మీద పల్చటి కాగితం పరిచి, పెన్సిలు చేతికిచ్చారు.

ఇక రుమి చెయ్యి ఆగలేదు. గొడుగు కర్ర చుట్టూ సన్నటి వేళ్ళు. వాటి మీద మొరటు వేళ్ళు.

"తెత్సు పడవ ఇంజన్లు బాగుచేసేవాడు కదండీ, ఇదిగో, గోళ్ళ కింద గ్రీజు! గొడుగంతా ఆ పిల్ల వైపే వంచేశాడు. చూడండి, ఇతని భుజం తడిసి ముద్దయిపోతోంది!"

ఇసోబె గారు ఆ కాగితాన్ని మెల్లగా పైకెత్తారు. కింద తెల్లటి గడి.

"ఈ చేతులు బాగున్నాయమ్మాయ్," అన్నారు. "నేను గియ్యలేదు."

రుమి కాగితం మీద తనే పట్టించిన ఆ చేతుల వంక చూసింది. తను రాసిన ఉత్తరం వంక చూసింది. మెడ దాకా ఎర్రబడి, ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

కంపెనీ మనిషి చెమటలు కక్కుతూ వచ్చాడు. అతన్ని కూర్చోనివ్వలేదు రుమి.

"చేస్తాను! చెయ్యి పట్టుకోనివ్వండి. ఆ డైలాగు మాత్రం కొట్టెయ్యండి."

"అమ్మో! ఇరవై సెకన్లు ఎవరూ మాట్లాడకపోతే టీవీ పాడైందనుకుంటారు జనం."

"వాన ఉందిగా! ముందు గొడుగు గుడ్డ మీద టపటపా పడుతుంది. తెత్సు గొడుగు ఆ పిల్ల వైపు వంచగానే చప్పుడు మారిపోతుంది. చొక్కా మీద పడే చినుకు మెత్తగా ఉంటుంది కదా? ఇలా!"

రుమి వేళ్ళతో బల్ల మీద గట్టిగా వాయించింది. తర్వాత తన భుజం మీద మెల్లగా వాయించుకుంది.

అతను చెవి ఒగ్గి విన్నాడు. జేబులోంచి పెన్ను తీసి, చేతిలోని కాగితాల్లో ఆ డైలాగు కొట్టేశాడు.

ఇసోబె గారు కళ్ళు మూసుకుని ఉన్నారు.

"ఇంకోసారి వినిపించు," అన్నారు. "నలభై ఏళ్ళలో ఆ చప్పుడొక్కటే నాకు గీయడం చేతకాలేదు."