గున్నమ్మ గోలెం

అనగనగా, ఎండాకాలం వస్తే రాజైనా కుండలో నీళ్లే తాగే రోజుల్లో, రేగడిపురంలో గున్నమ్మ అనే కుమ్మరి ఉండేది. ఆమెకు ఆస్తులు రెండే. నాయనమ్మ ఇచ్చిన తాటాకుల కథల పుస్తకం, మన్ను మోసే గాడిద. ఆ గాడిదకు మాటలొచ్చు. వచ్చినవన్నీ ఏడుపు మాటలే!

ఒకనాడు ఇత్తడి బిందెల వర్తకుడు కనకశెట్టి రాజుగారిని చేరి, "ప్రభూ, మట్టికుండలకు కాలం చెల్లింది. ఏటి ఒడ్డున కుమ్మరులు మన్ను తీసే నేల నాకిప్పించండి. కొట్టు కట్టుకుంటాను" అన్నాడు.

రాజు గున్నమ్మను పిలిపించాడు. "ఉగాదినాటికి చలివేంద్రానికి నిలువెత్తు నీళ్ల గోలెం చేసి తే. చుక్క కారకుంటే నేల నీది. లేకుంటే శెట్టిది."

గున్నమ్మ గోలెం నిలబెట్టింది. ఆరకముందే అకాల వాన కురిసి అది కరిగి ముద్దయింది.

"అయిపోయింది! ఇక మన పొయ్యిలో పిల్లి లేవదు" అంది గాడిద.

గున్నమ్మకు ఏడుపొచ్చింది, ఏడ్చింది. దీపాలవేళకు కళ్లు తుడుచుకుని పుస్తకం విప్పింది. కథలో ఒక సరంగు పడవ మునిగిపోయింది.

"చూశావా, వాడి పనీ అయిపోయింది!" అంది గాడిద.

"ఎక్కడే? ఇంకా ఆకులున్నాయిగా" అని గున్నమ్మ ఆకు తిప్పింది. సరంగు విరిగిన పలకలు ఏరుకుని తెప్ప కట్టాడు. గున్నమ్మ పొద్దున్నే లేచి, కరిగిన మన్నే మళ్లీ తొక్కింది.

ఈసారి పందిరి వేసింది. పడమటి గాలికి గోలెం గబగబా ఆరి నిలువునా బీటవారింది. ఆ సాయంత్రం కథలో ఒక రైతు నారు మాడిపోయింది. ఆకు తిప్పితే, అతడు కొత్త నారుకు తడిగడ్డి కప్పాడు. గున్నమ్మ మూడో గోలేనికి తడిగోనె కప్పి, నిదానంగా ఆరబెట్టింది.

అదీ కుండలు కాల్చే ఆవంలో పగిలి పెంకులైంది. ఉగాది ముంచుకొచ్చింది. అక్కడ ఏటి ఒడ్డున శెట్టి కొట్టుకు ముగ్గు కూడా పోయించాడు.

"అయిపోయిందే" అంది గున్నమ్మ. ఆ మాట అన్నది గాడిద కాదు, గున్నమ్మే!

గాడిద తెల్లబోయింది. మూతితో పుస్తకాన్ని ఆమె ఒళ్లోకి నెట్టింది. "నిన్న కథలో రాణి యుద్ధంలో ఓడినచోట ఆపేశావు. ఆమె ఏమైందో చెప్పి, అప్పుడు ఏడువు."

గున్నమ్మ ఆకు తిప్పింది. రాణి చెదిరిపోయిన సైనికులను కూడగట్టి, ముందు వరసలో నిలిపింది. "ఒకసారి దెబ్బ తిన్నవాళ్లు మళ్లీ బెదరరు" అంది.

గున్నమ్మ పెంకుల వంక చూసింది. ఇవీ నిప్పును చూసినవే కదా! అన్నీ దంచి, జల్లించి, కొత్త మన్నులో కలిపి మళ్లీ గోలెం చేసింది. ఈసారి అది ఆవంలో పగల్లేదు.

ఉగాదినాడు గోలెం చలివేంద్రం ముందు నిలిచింది. రాజు వేలితో కొడితే ఖంగుమంది. నీళ్లు నింపి సాయంత్రం దాకా చూశారు. చుక్క కారలేదు.

"నేల నీదే, గున్నమ్మా!" అన్నాడు రాజు. జనం ఈలలు వేశారు. మొదటి ముంత తాగింది కనకశెట్టే. పొద్దుటినుంచి ఎండలో కాపుకాసి నాలుక పిడచకట్టిందట మరి!

"గెలుస్తావని నేనప్పుడే అన్నాను" అని గాడిద ఇప్పటికీ కోతలు కోస్తూనే ఉంది.

పిల్లలూ, ఓటమి దగ్గర పుస్తకం మూసేస్తే ఏడుపే మిగులుతుంది. ఆకు తిప్పినవారికే గెలుపు కనబడుతుంది.