ఇన్నాసమ్మ రాయి

నేను కథ మొదలెడితే మా ఇంట్లో కోళ్లు కూడా లేచిపోతాయి. మీరన్నా కాసేపు కూర్చోండి.

అనగనగా గుండ్లమెట్టలో ఏసు గుడికి ఇంకా గోడలు లేని కాలం. ఏడాదికోసారి స్వాములవారు ఎడ్లబండి మీద వచ్చేవారు. పూజ చెయ్యటానికి ఊళ్లో ఎవరూ చోటివ్వలేదు. చెప్పులు కుట్టే ఇన్నాసమ్మ ఇచ్చింది. తన వాకిట్లో బండరాయి కడిగి, తెల్లగుడ్డ కప్పింది. ఊరి మొదటి పూజ దాని మీదే జరిగింది.

ఆ తర్వాతెప్పుడో మోతుబరి జోజప్పకూ దేవుడు కావాల్సొచ్చాడు. గుడి లేచింది, స్వాములవారు ప్రతి పండక్కీ రావటం మొదలెట్టారు. "మొదటి పూజ రాయే పీఠంగా ఉండాలి" అన్నారు స్వాములవారు. రాయి లోపలికెళ్లింది. ఇన్నాసమ్మ వెళ్లలేదు.

చచ్చేలోగా ఒక్కసారి ఆ గుడి కప్పు కింద మోకరించి, పూజలో స్వాములవారు నోటికందించే సత్ప్రసాదం తీసుకోవాలని ఆమె ఆశ. అంతకు మించి ఏమీ అడగలేదు.

క్రిస్మస్‌కి గుడి గుమ్మందాకా వచ్చింది. "అక్కడే ఆగు," అన్నాడు జోజప్ప. ఆగింది.

మట్టల ఆదివారం పండక్కి వచ్చింది. "అక్కడే ఆగు." ఆగింది.

స్వాములవారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

గుడి పండగకొచ్చింది. "అక్కడే ఆగు." కాళ్లు ఆగాయి, నోరు ఆగలేదు.

లోపలికెళ్లి గుడ్డ తీసి, జోజప్ప రాతిని ముద్దు పెట్టుకుంటున్నాడు.

"దొరా, ఆ గాట్లు చూశారా? మా ఆయన తోలు కోసిన గాట్లు. ముప్పొద్దులా దాని మీదే కోసేవాడు. రాతికి లేని మైల నాకెక్కణ్ణుంచి వచ్చింది దొరా?"

జోజప్ప మూతి తుడుచుకున్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

"ఈ రాయి బయట పారెయ్యండ్రా!"

మోసుకెళ్లి ఆమె వాకిట్లోనే పడేశారు. స్వాములవారు ఆ రాయి వెంటే నడిచారు. "రాయి ఎక్కడుంటే పూజ అక్కడే," అన్నారు. ఆ మాట క్రిస్మస్‌కే అనుంటే ఎంత బాగుండేది!

ఆ పూట ఎండలో ఇన్నాసమ్మ అందరికన్నా ముందు మోకరించింది. జోజప్ప వెనక నిలబడి చెమటలు కక్కాడు.

కానీ గుడి కప్పు కిందికి ఆమెను ఎవరూ పిలవలేదు. అట్లాగే పోయింది. ఆమె పోయాకే రాతిని మళ్లీ లోపలికి మోశారు.

ఇప్పటికీ గుడి పండగనాడు, గంట కొట్టేముందు, జోజప్ప వంశంలో పెద్దవాడు గుడి గుమ్మంలో నిలబడి కేకేస్తాడు: "లోపలికి రా తల్లీ, ఇన్నాసమ్మా!"

అందరూ దారిచ్చి పక్కకు తప్పుకుంటారు. కాసేపు ఆగి, అప్పుడు లోపలికెళ్తారు.

కేక ఊరి చివరిదాకా వినపడుతుంది. ఆ గొంతు ఆ ఇంట్లో ఆమె బతికున్నప్పుడూ ఉంది.