మూత మీద కూర్చున్న పులిగారు

అనగనగా ఒక ఊళ్ళో, రైలుగేటు దాటగానే వచ్చే వీధిలో, పేరిందేవమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు వ్యాఘ్రేశ్వర్రావు. వ్యాఘ్రం అంటే పులి కదూ! వీధిలో పులే గానీ, కంచం ముందు పిల్లి. పెళ్ళయి నలభై ఏళ్ళయినా పేరిందేవమ్మ చేసిన కూర ఆయన కంచంలో ఒక్కనాడూ మిగల్లేదు. ఆవిడకి నగలూ అక్కర్లేదు, పట్టుచీరలూ అక్కర్లేదు, ఆ ఖాళీ కంచం చూస్తే చాలు.

అలాంటిది ఒకసారి వరసగా మూడు రోజులు కూర మిగిలిపోయింది. "ఆకలి లేదే" అనేవాడాయన. మూడోనాడు ఆవిడ ఆయన చొక్కా ఉతకబోతే జేబు మీద నల్లటి మరక కనిపించింది. వాసన చూసింది. ఇంకేముంది, దొంగ దొరికిపోయాడు! గేటు దగ్గర నూడుల్స్ బండి మీద చేసే చైనా వేపుడు రుచి మరిగాడన్నమాట.

పేరిందేవమ్మకి ముందు ఏడుపొచ్చింది. ఆ తర్వాత కోపమొచ్చింది. అప్పుడు చెప్పులేసుకుని తిన్నగా ఆ బండి దగ్గరికే వెళ్ళింది.

"ఆ వేపుడు ఎలా చేస్తావయ్యా?" అని అడిగింది.

"ఏముందండీ మామ్మగారూ!" అన్నాడు బండి పోలిరాజు. "పెద్ద మంట మీద నూనె కాగాక వెల్లుల్లి, ఆపైన క్యాబేజీ, క్యారెట్, బీన్స్. గరిటె ఆపకూడదు, మూత పెట్టకూడదు. చివర్న సోయాసాసు, మిరియాలపొడి. ముక్క కరకరలాడుతుండగానే దించెయ్యడమే."

"ఓస్, ఇంతేనా!" అనుకుంది పేరిందేవమ్మ.

మొదటి రోజు నూనె కాగింది. అంతే, చెయ్యి తనంతట తనే పోపులపెట్టెలోకి వెళ్ళిపోయింది. ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు, ఆఖరికి పసుపు కూడా పడిపోయాయి. నలభై ఏళ్ళ అలవాటు మరి, చెయ్యి మాట వింటుందా? "రోజూ చేసే కూరే కదే, ఇవాళ నల్లబడిందేం?" అన్నాడాయన.

రెండో రోజు పోపులపెట్టెని బీరువాలో పెట్టి తాళం వేసింది. అప్పుడు ఆ చెయ్యి ఊరుకుందా? మంట తగ్గించి మూత పెట్టేసింది. "పాపం, ముక్కలు మగ్గొద్దూ?" అనుకుందావిడ. మూత తీసేసరికి అంతా గుజ్జు. "నాకింకా పళ్ళూడలేదే" అన్నాడాయన.

మూడో రోజు మొగుణ్ణి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కొచ్చింది. మూత నేల మీద బోర్లించి, "దీని మీద కూర్చోండి" అంది. పోపులపెట్టె ఆయన ఒళ్ళో పెట్టి, "కాళ్ళ మీద పడ్డా ఇవ్వకండి" అంది.

"బుడిపె గుచ్చుకుంటోందే!"

"గుచ్చుకోనీండి."

ఆ తర్వాత నూనె కాగింది. "ఏదీ, నాలుగంటే నాలుగు ఆవాలు" అంది. "ఇవ్వను" అన్నాడు. "పోనీ, ఒక్క నిమిషం ఆ మూత" అంది. "లేవను" అన్నాడు. అప్పుడు చేసేదేంలేక గరిటె గిరగిరా తిప్పింది, సాసు పోసింది, టక్కున దించేసింది.

ఆయన కరకరా నమిలాడు. మళ్ళీ వడ్డించుకున్నాడు. కంచం ఖాళీ! పేరిందేవమ్మ కళ్ళు చెమర్చాయి.

"అచ్చం బండి మీదలాగే ఉందే. కానీ..." అని నసిగాడాయన. "కాస్త పోపు పడుంటేనా!"

అప్పుడు పేరిందేవమ్మ ఏం చేసిందనుకున్నావు? తిట్టలేదమ్మా. గరిటె ఆయన చేతికిచ్చి, తను వెళ్ళి ఆ మూత మీద కూర్చుంది. "పెట్టె మీ దగ్గరేగా. మిగిలిన కూరకి మీరే వెయ్యండి పోపు!" అంది.

పులిగారు మొట్టమొదటిసారి పొయ్యి ముందు నిలబడ్డారు. ఆవాలు చిటపటమని ఎగిరి ముక్కు మీద పడ్డాయి. పులి గెంతింది. పోపు కాస్తా మాడి బొగ్గయింది.

ఆ కూర పేరిందేవమ్మ అన్నంలో కలుపుకుని తింది. నలభై ఏళ్ళకి మొగుడు వండిపెట్టాడు మరి. ఆవిడ కంచంలో ఒక్క ముక్క మిగల్లేదు.

కరకర వేపుడు కంచంలోకి,
చిటపట పోపు తాత ముక్కుకి,
కునుకేమో వచ్చె నీ కంటికి,
కథ వెళ్ళిపోయింది కంచికి,
నువ్వూ నేనూ మనింటికి!