గిజిగాడు కట్టిన ఉత్తుత్తి కప్ప

అనగనగా ఒక అడవిలో, ఎండ వచ్చాక కూడా పొగమంచు తొందరపడకుండా లేచే చోట, ఒక మడుగు ఉండేది. పొద్దున్నే చూస్తే నీళ్లు ఎక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. తామరాకులు మబ్బుల మీద తేలుతున్నట్టుండేవి. కొంగ ఒక అడుగు వేస్తే మబ్బు చెదిరి, మెల్లగా మళ్లీ అతుక్కునేది.

ఆ మడుగు మీదికి వంగిన తుమ్మకొమ్మకు పసుపన్న అనే గిజిగాడు గూడు అల్లుకుంటున్నాడు. నెత్తిన పసుపు పూసుకున్నట్టు ఉండేవాడు కాబట్టి అందరూ అలా పిలిచేవారు. ముడి వేయడంలో వాడికి వాడే సాటి. గడ్డిపోచను ముక్కుతో చీల్చి, కొమ్మ చుట్టూ తిప్పి బిగించాడంటే గాలివాన కూడా దాన్ని విప్పలేదు. ఆ సంగతి అడవికంతా తెలుసు. వాడికి ఇంకా బాగా తెలుసు. గూడు సగం పైగా అయింది. త్వరలో ఆడపిట్టలు వచ్చి గూళ్లన్నీ చూసి, నచ్చిన గూట్లో కాపురం పెడతాయి. ఈ ఏడు తన గూడే అందరికన్నా ముందు నచ్చాలని పసుపన్న ఆశ.

ఒకరోజు చెమ్మక్క కుంటుకుంటూ ఆ చెట్టు కిందికి వచ్చింది. చెమ్మక్క ఒక నీటికుక్క. వానలకు గట్టు విరిగి, రాయి దొర్లి ఆమె వెనక కాలి మీద పడింది. అప్పటి నుంచి నీళ్లలో వేగంగా ఈదలేకపోతోంది. చేపలు ఆమె కళ్ల ముందే తప్పించుకుపోతున్నాయి. బొరియలో ఇద్దరు పసిపిల్లలు. వాళ్లు నత్తలు తిని, అవీ దొరక్కపోతే అమ్మ తోక చప్పరించి పడుకుంటున్నారు.

చెమ్మక్క చాలాసేపు తల పైకెత్తి పసుపన్న ముడి వేయడం చూసింది. తర్వాత తన మనసులో మాట చెప్పింది. చెట్ల మీది నుంచి రాలిపడే పురుగుల కోసం చేపలు పైకి రావడం తను చూసిందట. అచ్చం పురుగులా ఉండేదేదైనా కట్టి, లోపల ముల్లు పెట్టి, నార తాడుతో నీళ్ల మీద వదిలితే, తను గట్టున కూర్చునే చేపను లాగగలదట.

"ఒక ఉత్తుత్తి పురుగు కట్టిపెడతావా తమ్ముడూ?" అని అడిగింది.

పసుపన్న సంబరపడ్డాడు. అడవిలో ఇంతవరకూ ఎవరూ కట్టనిది తను కడతాడు. గోగు నారను పురిపెట్టి పొడవాటి తాడు పేనాడు. రేగు కొమ్మ నుంచి కొక్కెంలా వంగిన ముల్లు తెచ్చాడు. ముల్లు చుట్టూ లకుముకిపిట్ట రాల్చిన నీలం ఈక, చిలక రాల్చిన పచ్చ ఈక కట్టి, నెమలి పింఛంలోని పోచతో తోక పెట్టాడు. చెట్టు మీది పిట్టలన్నీ వచ్చి చూసి మురిసిపోయాయి. పాలపిట్ట అయితే దాన్ని వదిలి వెళ్లలేక వెళ్లింది.

తాడు కొస చెమ్మక్క పళ్లతో పట్టుకుంది. పసుపన్న ఉత్తుత్తి పురుగును ముక్కున కరుచుకుని ఎగిరి, మడుగు నడుమ వదిలాడు. అది నీళ్ల మీద పువ్వులా వాలింది. చేపలు దాని కిందికి వచ్చి ఆగాయి. చూశాయి. పక్కకు తిరిగి వెళ్లిపోయాయి.

మెరుపు చాలలేదేమో అనుకున్నాడు పసుపన్న. రెండోది ఇంకా పెద్దగా కట్టాడు. బంగారు పురుగుల రెక్కలు ఏరి తెచ్చి, వరసగా అతికించాడు. అది నీళ్ల మీద వాలగానే ఎండ తగిలి ధగధగా మెరిసింది. ఈసారి చేపలు ఆగనైనా ఆగలేదు. ఒక్కసారిగా లోతుకు పారిపోయాయి.

చెమ్మక్క తాడు చుట్టి, ముల్లు ఊడదీసి, తడిసిన ఎరను గట్టున పెట్టింది. చిన్నపిల్ల పాక్కుంటూ వచ్చి, అది తినేదేమో అనుకుని నోట్లో పెట్టుకుని నమిలింది. కాసేపు నమిలి, మెరిసే రెక్కను నాలుక మీద నుంచి తోసేసి, అమ్మ వైపు చూసింది. పసుపన్నకు తల ఎత్తబుద్ధి కాలేదు. తను కట్టినవి రెండూ పిట్టల కోసం కట్టాడు. చేపల కోసం కట్టలేదు.

మర్నాడు వాడు గూటి అంచుకు కాళ్లు తగిలించి, తలకిందులుగా వేలాడుతూ నీళ్లలోకి చూస్తూ ఉండిపోయాడు. గాలి వీస్తే గూటితో పాటు ఊగాడు. ఎంతసేపు చూశాడో గానీ, చూడగా చూడగా మడుగే పైకి వచ్చి, ఆకాశం కిందికి పోయినట్టు అనిపించింది. అప్పుడు చేప కళ్లతో చూడడం వచ్చింది వాడికి. కింద నుంచి చూసేవాళ్లకు రంగులు కనబడవు. వెలుతురు మీద ఒక నల్లటి ఆకారం, దాని వణుకు మాత్రం కనబడతాయి. రాలిపడేవన్నీ మట్టిరంగు జీవాలే. చేపలు నోరు తెరుస్తున్నది వాటికే.

మధ్యాహ్నం తుంగ పక్కన నీళ్లు ఎర్రబడ్డాయి. అది కొర్రమీను పిల్లల గుంపు. వేలెడు కూడా లేని ఎర్రటి పిల్లలు ఒక్క మబ్బులా కలిసి కదులుతూ, గాలి పీల్చడానికి ఒక్కసారే పైకి వచ్చి, నీటిమీద సన్నటి చినుకులు పడ్డట్టు చప్పుడు చేసి దిగిపోతున్నాయి. వాటి కింద నల్లగా, కదలకుండా వాళ్ల నాన్న మట్టయ్య ఉన్నాడు. మడుగులో అందరికన్నా పెద్ద నోరు ఆయనదే. ఇంతలో ఒక కప్ప తామరాకు మీది నుంచి పిల్లల మధ్యకు దూకింది. నీళ్లు పగిలినట్టు చప్పుడైంది. కప్ప లేదు.

మట్టయ్య ఆ కప్పను ఎందుకు పట్టాడో పసుపన్నకు అర్థమైంది. అర్థమైనదాన్ని పక్కకు నెట్టి, ఎలా పట్టాడన్నదే తలచుకుంటూ కూర్చున్నాడు. ఆ సాయంత్రం తుమ్మ బెరడు నారతో కప్పను కట్టాడు. రంగు లేదు, మెరుపు లేదు. కాళ్ల దగ్గర నారను వదులుగా వదిలాడు, చిన్న అలకు కూడా వణికేలా. పిట్టలు చూసి పెదవి విరిచాయి.

తెల్లవారాక, పొగమంచు ఇంకా నీళ్ల మీద ఉండగా, ఎర్రటి పిల్లల నడుమ ఆ ఉత్తుత్తి కప్పను వదిలాడు. అది ఒక్కసారి వణికింది. వెంటనే నీళ్లు పగిలాయి. తాడు బిగిసింది. చెమ్మక్క దెబ్బ తగలని కాళ్లు నేలలో నాటుకుని, ఒళ్లంతా వెనక్కి వేసి లాగింది. తాడు రాళ్లకు ఒరిసి పోగులు పోగులుగా తెగుతూ వచ్చింది. చివరికి మట్టయ్య గట్టు మీది బురదలో పడ్డాడు. చెమ్మక్క పిల్లలు ఆశగా దగ్గరికి వచ్చారు. పసుపన్న గాల్లో గిరికీలు కొట్టాడు. తను కట్టినది పనిచేసింది.

కొర్రమీను నీళ్లు లేకపోయినా గట్టున చాలాసేపు బతుకుతుంది. మట్టయ్య కొట్టుకోలేదు. నోట్లో ముల్లుతోనే పసుపన్న వైపు చూశాడు.

"పైనున్నావు కదా, నీకు కనబడుతుంది. నా పిల్లలు కలిసే ఉన్నారా?" అని అడిగాడు.

పసుపన్న తిరిగి చూశాడు. ఎర్రటి మబ్బు విడిపోయింది. పిల్లలు దిక్కుకొకటిగా తిరుగుతున్నాయి. బుడుంగున ఒక చేప వచ్చి కొన్నింటిని మింగి వెళ్లింది. కొంగలు రెండు తుంగలోంచి మెల్లగా అటే నడుస్తున్నాయి.

"నాకు ఆకలి లేదు," అన్నాడు మట్టయ్య. "కప్ప నా పిల్లల మధ్యకి వచ్చింది. అందుకే నోరు తెరిచాను."

నిన్న పసుపన్న పక్కకు నెట్టిన మాట ఇప్పుడు ఎదురుగా వచ్చి నిలబడింది. వాడు చెమ్మక్క ముందు వాలి, మట్టయ్యను వదిలిపెట్టమని బతిమాలాడు. ఆకలితో నోరు తెరిచే చేపలు చాలా ఉన్నాయని, వాటికి తగిన ఎర కడతానని చెప్పాడు.

చెమ్మక్క కోపగించుకోలేదు. చాలా అలసిపోయినట్టు మాట్లాడింది.

"ఆయన పిల్లలు నీకు కనబడుతున్నారు. నా పిల్లలు కూడా కనబడుతున్నారు కదా తమ్ముడూ. వీళ్లకేం చెప్పమంటావు?"

పసుపన్న తాడును ముక్కుతో ఎత్తి చూశాడు. అది ముక్కలైపోయింది. పచ్చి నార తెచ్చి ఎండబెట్టి పేనేసరికి పొద్దు గడిచిపోతుంది. మెత్తగా ఎండి, పేనడానికి సిద్ధంగా ఉన్న పోగులు ఒక్క చోటే ఉన్నాయి. వాడు తుమ్మకొమ్మ వైపు చూశాడు. అవతలి ఒడ్డున అప్పుడే ఆడపిట్టల కిలకిల మొదలైంది.

పసుపన్న ఎగిరి వెళ్లి తన గూటి మీద వాలాడు. తనే బిగించిన మొదటి ముడిని ముక్కుతో విప్పాడు. తర్వాత ఇంకొకటి. గూడు ఒక పక్కకు జారింది. పోగులు ఒక్కొక్కటే దూసి, చెమ్మక్క ముందుకు జారవిడిచాడు. ఆ పోగులు పొగమంచులో ఊగుతూ, తొందర లేకుండా దిగాయి.

చెమ్మక్క వాటిని చూసింది. పైన ఒరిగిపోతున్న గూటిని చూసింది. తర్వాత తల వంచి, మట్టయ్య పెదవిలోని ముల్లును పళ్లతో నెమ్మదిగా తీసి, మూతితో ఆయన్ని నీళ్లలోకి తోసింది.

మట్టయ్య వెళ్లిన చోట కొంతసేపు ఏమీ కనబడలేదు. ఆ తర్వాత అటు ఒక ఎర్రటి చుక్క, ఇటు ఒక చుక్క వచ్చి చేరాయి. మబ్బు మళ్లీ కట్టింది. కానీ ముందున్నంత లేదు. పసుపన్న ఆ తేడా చూశాడు. చూపు తిప్పుకోకుండా చూశాడు.

రోజంతా వాడు కట్టాడు. ఈసారి ఉసుళ్లంత చిన్నవి, బూడిదరంగువి. వాటిని తుంగకు దూరంగా, పరిగెలనే చిన్న చేపలు ఆకలితో ఎగిరిపడే చోట వదిలాడు. మొదటిది మునిగిపోయింది. ఇంకొకటి గాలికి కొట్టుకుపోయింది. ఎండ వాలుతున్నప్పుడు తాడు సన్నగా అదిరింది. అరచేతిలో పట్టేంత పరిగె. ఆ తర్వాత మరొకటి, ఇంకొకటి. చెమ్మక్క పిల్లలు ముల్లు కూడా మిగల్చకుండా తిని, ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయారు. అప్పుడే చెమ్మక్క కూడా ఒక ముక్క నోట్లో వేసుకుంది.

ఆడపిట్టలు వచ్చాయి. ఒరిగిన గూడు చుట్టూ ఒకసారి తిరిగి, పక్క చెట్టుకు వెళ్లిపోయాయి. ఆ ఏడు పసుపన్న గూట్లో ఎవరూ కాపురం పెట్టలేదు. మిగతా గూళ్లలో పిల్లల కిచకిచ వినబడుతుంటే, వాడు ఖాళీ కొమ్మ మీద కూర్చుని చిన్న చిన్న ఎరలు కట్టేవాడు. దిగులు లేకపోలేదు. కానీ ఎందుకిలా చేశానా అని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

ఎండలు వచ్చాయి, పోయాయి. చెమ్మక్క కాలు బాగుపడింది. ఎరల అవసరం తీరిపోయింది. మళ్లీ వానలు పడి మడుగు నిండింది. మట్టయ్య పిల్లలు పెరిగి, ఎరుపు పోయి నల్లబడి, తలా ఒక దిక్కున కాపురాలు పెట్టుకున్నాయి.

ఒక పొద్దున చెమ్మక్క పిల్లలు మొదటిసారి తమంతట తాము వేటకు దిగారు. బాణాల్లా దూసుకుపోతున్న వాళ్లకు తామరాకుల మధ్య ఒక ఎర్రటి మబ్బు ఎదురైంది. కింద నల్లగా, కదలకుండా ఒక తండ్రి చేప. అది కడుపు నింపేంత పెద్దదే. పిల్లలిద్దరూ ఈత నెమ్మదించారు. నీళ్లు కదిలితే ఆ చిన్నవి చెదిరిపోతాయేమో అన్నట్టు, ఒడ్డు పక్కగా చుట్టూ తిరిగి, చప్పుడు లేకుండా దాటిపోయారు. దాటాక మళ్లీ దూసుకుపోయారు.

కొమ్మ మీద కొత్త గూటికి ముడి వేస్తున్న పసుపన్న అది చూసి, కాసేపు ముక్కులోని పోచను అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

నీతి: ఎంత అవసరం వచ్చినా, ఎదుటివారి ప్రేమను ఎరగా వాడుకోకూడదు.