వైరస్ లేని పళ్లెం

మూడోసారి కూడా ల్యాబ్‌లో సుభాషిణి పెంచిన కణాలు చచ్చిపోయాయి.

పంతం పట్టి పెంచినవి. వైరస్ చొరబడితే పసిగట్టి గగ్గోలు పెట్టే కాపలా ప్రొటీన్ ప్రతి కణంలోనూ ఉంటుంది. అయినదానికీ కానిదానికీ అది అరవకుండా అదుపులో పెట్టే ప్రొటీన్ మరొకటి ఉంటుంది. ఆ రెండోదాన్ని సుభాషిణి తీసిపారేసింది. కాపలా రెప్ప వాల్చకూడదని ఆమె వాదం.

ఆ వాదం ఊరికే పుట్టలేదు. రెండేళ్ల కిందట భర్త భార్గవకు ఒళ్లు వెచ్చబడితే, మామూలు జ్వరమేలే అని రెండు రోజులు ఊరుకుంది. మూడో రోజు ఆస్పత్రికి వెళ్లిన మనిషి మళ్లీ ఇంటికి రాలేదు. ఆ రెండు రోజులూ వెనక్కి వస్తే బాగుండునని ఆమె ప్రాణం ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉంది.

"ఎక్కడో వైరస్ తగిలింది మేడమ్," అంటూ ఆ కణాలున్న గాజు పళ్లేన్ని గురువుగారి గదికి తెచ్చింది.

గురువు జుబేదా మేడమ్‌కి మాట తక్కువ, టీ ఎక్కువ. నిన్ననే ఆ కణాల్ని స్వయంగా పరీక్ష చేశారు.

"వైరస్ లేదమ్మా."

"మరి వీటిని చంపిందెవరు?"

"కాపలాయే. అదుపు లేక, కణంలోని సొంత సరుకునే దొంగ అనుకుని చంపేసింది."

సుభాషిణి ఒప్పుకోలేదు. ఇంతలో బడి నుంచి ఆమె ఆరేళ్ల కూతురు హరిణి వచ్చింది. తల్లిని చూడగానే, ఎవరూ అడక్కుండానే, నోరు తెరిచి నిలబడింది. సుభాషిణి జేబులోంచి థర్మామీటరు తీసింది.

"జ్వరమా?" అన్నారు మేడమ్.

"లేదు మేడమ్. ఊరికే."

"ఇలా ఇవ్వు."

మేడమ్ థర్మామీటరు తీసుకుని సొరుగులో పెట్టి తాళం వేశారు. బయట చినుకులు మొదలయ్యాయి. "పోయి తడువు తల్లీ," అన్నారు పిల్లతో.

హరిణి తల్లి వైపు చూసింది. సుభాషిణి కాదనేలోపే గడప దాటేసింది.

వానలో పిల్ల పగలబడి నవ్వింది. అచ్చం భార్గవ నవ్వే. రెండేళ్లుగా ఆ నవ్వు ఒక్కసారి వినాలని సుభాషిణి ఎంత అల్లాడిందో! అది ఇన్నాళ్లూ తన ఇంట్లోనే ఉంది. ఆమెకు ఏడుపు ఆగలేదు.

కాసేపటికి హరిణి నీళ్లోడుతూ వచ్చి, అలవాటుగా నోరు తెరిచింది. సుభాషిణి చెయ్యి జేబులోకి వెళ్లింది. జేబు ఖాళీ.

మేడమ్ తన టీ పక్కనున్న బిస్కెట్ల ప్లేటు ఇటు జరిపారు.

సుభాషిణి ఒకటి తీసి పిల్ల నోట్లో పెట్టింది. హరిణి ఆశ్చర్యపోతూ నమిలింది.

"అమ్మా, ఇంకోటి," అంది.